చేపల వాసన లేని మంచు

కోల్డ్ స్టోరేజిలో పనిచేసే మనిషికి ఎండాకాలం, చలికాలం అంటూ వేరే ఉండవు. గేటు లోపల ఎప్పుడూ చలే, గేటు దాటితే ఎప్పుడూ ఎండే. ఈ పెద్దాయన ఆ రెంటి మధ్యా తిరుగుతూనే తాతయ్య అయిపోయాడు. వీధిలో అందరూ ఆయన్ని మంచుమామ అంటారు. నడినెత్తిన సూర్యుడు మాడుస్తుంటే భుజాన దూది కోటు వేసుకుని పనికి బయల్దేరే మనిషిని ఇంకేమంటారు మరి?

భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న ఆ ఊళ్ళో క్రిస్మస్ మండుటెండల్లో వస్తుంది. వస్తే వచ్చింది, జనం మాత్రం దాన్ని చలికాలపు పండుగలాగే జరుపుకుంటారు. కిటికీ అద్దాల అంచులకి తెల్లరంగు పూసి మంచు పట్టిందంటారు. ప్లాస్టిక్ చెట్టు నిండా దూది పరుస్తారు. బట్టలకొట్టు ముందు క్రిస్మస్ తాత వేషం కట్టినతను ఎర్రకోటులో తడిసి ముద్దయి, పిల్లలు అటు తిరగ్గానే గడ్డం పైకెత్తి ఫ్యాను కిందికి పరిగెడతాడు. చూసి నవ్వుకునేవాళ్ళు నవ్వుకుంటారు. మంచుమామ ఒక్కనాడూ నవ్వలేదు. లేని మంచు కోసం ఇంత తాపత్రయపడే జనమంటే ఆయనకి ముచ్చట.

ఆయనా, భార్యా కింది వాటాలో ఉంటారు. పై వాటాలో కూతురు, అల్లుడు, బడికి వెళ్ళే మనవరాలు. నిరుడు పండుగ ముందు ఆ పిల్ల ముఖం ముడుచుకుని ఇంటికొచ్చింది.

"తాతయ్యా, కార్డుల మీద ఉండేదే నిజం క్రిస్మస్‌ట. మనది ఉత్తుత్తిదట."

"ఎవరన్నారే?"

"అందరూ."

"ఆ అందరికీ చెప్పు. పండుగనాడు మా తాతయ్య నిజం మంచు తెస్తాడు, బొమ్మ చేద్దాం రండి అని."

పిల్ల ఆ మాట వీధి వీధంతా చాటింది. ఆయనది కోతలు కోసే నోరు కాదు. గిడ్డంగి గదుల్లో చలిగాలి ఊదే గొట్టాల మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. దాన్ని గీకి పారేయడం ఆయన పనిలో భాగమే. గీకుతుంటే మెత్తగా, పిండిలా రాలుతుంది. పండుగ రోజు దాన్ని పెట్టెల్లో నింపుకుని, తడిగోనెలు చుట్టి, ఆటోలో ఇంటికి తెచ్చాడు. పిల్లలు ఎగబడ్డారు. ఎగబడినవాళ్ళు ఎగబడినట్టే ముక్కులు మూసుకుని వెనక్కి పరిగెత్తారు.

చేపల గది మంచు అది. పెట్టెలూ చేపలవే. అన్నేళ్ళు చేపల మధ్య మసలిన ఆయన ముక్కుకి చేపవాసన అసలు వాసనే కాదు! గుప్పెడు తీసి మొహం దగ్గర పెట్టుకుని, "ఏం వాసనర్రా? నాకేం రావడం లేదే!" అన్నాడు పాపం, నిజాయితీగా. ఈలోగా వీధిలో ఉన్న పిల్లులన్నీ పిలవని పేరంటానికి వచ్చి వాలాయి. సగం చేసిన మంచుబొమ్మని నాలుగు పిల్లులు నాలుగు వైపులా నాకుతుంటే పెద్దవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. మనవరాలు నవ్వలేదు. సెలవులయ్యాక బడి తెరిచిన నాటి నుంచీ బళ్ళో ఆ పిల్ల పేరు చేపలమంచు.

ఏడాది తిరిగింది. మళ్ళీ కిటికీలకి తెల్లరంగులు పడ్డాయి. ఒక సాయంత్రం ఆయన భోజనానికి కూర్చుంటే మనవరాలు మేడ దిగి వచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

"తాతయ్యా, ఈసారి నువ్వేం తేవద్దు. మా ఫ్రెండ్స్ ముందు నీ పని మాట కూడా ఎత్తొద్దు."

ఆయన చేతిలో కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది. మంచు లేకపోతే పోయింది, ఆ పిల్లకి తన పని పేరెత్తడమే సిగ్గయిపోయింది. ఆ మాట ఆయనకి గుండెల్లో గుచ్చుకుంది. గిడ్డంగి చలి ఎన్నేళ్ళు కొరికినా అంత నొప్పి ఎరగడు.

"చిన్నపిల్ల, దాని మాట పట్టించుకుంటారా?" అంది భార్య.

"చిన్నపిల్ల కాబట్టే పట్టించుకోవాలి," అని చెయ్యి కడుక్కున్నాడు.

ఆ గిడ్డంగిలో పచ్చిబఠాణీల గది ఒకటుంది. దాని మంచుకి ఏ వాసనా ఉండదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ గది తలుపు అరుదుగా తీస్తారు గనుక మంచు తక్కువ పడుతుంది. పడిన కాస్తా ఎప్పటికప్పుడు గీకేస్తారు. పండుగ దాకా దాని జోలికి వెళ్ళకపోతే రెండు మూడు పెట్టెలు పోగవుతుంది. ఆయన సూపర్‌వైజర్ని అడిగాడు.

"గొట్టాలు మూసుకుపోతే మిషన్ ఆయాసపడుతుంది బాబాయ్. పైవాళ్ళు నా పీక పట్టుకుంటారు," అన్నాడు సూపర్‌వైజర్. సొంత బాబాయేం కాదు, అందరూ అలాగే పిలుస్తారు.

"మూసుకుపోకుండా రోజూ నేను చూస్తాను. పండుగకి ముందు రోజు గదులన్నీ నేనొక్కణ్ణే గీకుతాను. మిగతావాళ్ళని తొందరగా ఇంటికి పంపించు."

"అన్ని గదులూ? ఒక్కడివా? నీకేమన్నా మతిపోయిందా?"

"పోతే పోయింది, దాన్నీ ఫ్రీజర్లో పెట్టించు. పాడవకుండా ఉంటుంది."

సూపర్‌వైజర్ నవ్వేశాడు. నవ్వాక ఇంక కాదనలేకపోయాడు.

ఈసారి ఆయన తన ముక్కుని నమ్మలేదు. ఆ ఉద్యోగం భార్యకి అప్పగించాడు. కొత్త పెట్టెలు కొన్నాడు, ఆవిడ వాసన చూసింది. కొత్త చేతిపార కొన్నాడు, అదీ చూసింది. కోటు ముక్కు దగ్గరికి రాకముందే, "అమ్మో, ఇది దగ్గరికి తేకండి" అని నాలుగు నీళ్ళలో ఉతికింది. చేతి తొడుగుల్ని ఉతకడం కూడా దండగని బయట పారేసి, కొత్తవి కొనిపించింది. "పెళ్ళిచూపులనాడు కూడా మీరు ఇంత శుభ్రంగా రాలేదు," అని దెప్పింది. దెప్పుతూనే ట్రంకుపెట్టె అడుగునుంచి తన మంచి ఊలు దుప్పట్లు రెండు తీసి ఇచ్చింది.

"దుప్పటి కప్పితే వెచ్చబడి కరిగిపోదూ?" అంది కూతురు.

"దుప్పటికేం తెలుసే, లోపల చలుందో వేడుందో? లోపలున్నదాన్ని బయటికి పోనివ్వదు, అంతే," అన్నాడాయన.

పండుగ ముందురోజు తోటి పనివాళ్ళు వెళ్ళిపోయాక ఆయన పనిలో దిగాడు. బఠాణీల గది మొదట గీకి, పెట్టెలు నింపి, ఆ చలిలోనే ఉంచాడు. ఆపైన మాంసం గది, వెన్న గది, చివరికి చేపల గది. మధ్యమధ్య బయటికొచ్చి ఎండలో నిలబడి ఒళ్ళు కాచుకున్నాడు. అన్ని గదులూ ముగించేసరికి వేళ్ళు వంగనని మొరాయించాయి. కోటు గుండీలు సూపర్‌వైజరే విప్పాడు. పనిమంతులని చాలామందిని అంటూ ఉంటాం గానీ, ఆ పూట ఆయన్ని చూసినవాడెవడైనా ఆ మాట ఇంకొకరికి వాడడానికి కాస్త ఆలోచిస్తాడు.

పండుగ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. పెట్టెలు దింపుతుంటే వీధి పిల్లలు దూరంగా నిలబడి చూశారు. ఒకడప్పుడే ముక్కు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మనవరాలు మేడమెట్ల మీదే ఆగిపోయింది. రానంది. వాళ్ళమ్మ బతిమాలినా రానంది. అయినా ఆయన దుప్పట్లు విప్పి, మూత తీశాడు.

అమ్మమ్మే ముందుకొచ్చింది. పెట్టెలో తల దూర్చి, వీధంతా వినబడేలా గట్టిగా పీల్చి, "ఏ వాసనా లేదర్రా!" అని కేకేసింది.

పిల్లలు కదిలారు. వాళ్ళు కదిలారు గనుక మనవరాలూ ఒక్కో మెట్టే దిగి వచ్చింది. ముందు వాసన చూసింది. ఎటు నుంచి చూసినా లేదు. అప్పుడు చేతులు రెండూ మోచేతుల దాకా దించి, కెవ్వుమని అరిచి, నవ్వింది. ఆ నవ్వు విని మంచుమామకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

బొమ్మ చేశారు. దాని తల కాసేపట్లోనే ఒకవైపు ఒరిగింది, ఎవరూ లెక్కచేయలేదు. ఆపైన పందెం వేసుకున్నారు, గుప్పిట్లో మంచు ఎవరు ఎక్కువసేపు పట్టుకుంటారా అని. ఒక్కొక్కళ్ళే కుయ్యిమంటూ వదిలేశారు. మనవరాలు పళ్ళు బిగించి చివరిదాకా పట్టుకుంది. వదిలాక వేళ్ళు ఎర్రగా కందిపోయి, కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ చేతులు చంకల్లో దాచుకుని అరుగు మీద కూర్చున్న ఆయన దగ్గరికి వచ్చింది.

"తాతయ్యా, మీ ఆఫీసులో ఇంత చల్లగానే ఉంటుందా?"

"ఇంకాస్త ఎక్కువే."

"రోజంతా అందులోనే ఉంటావా?"

"మధ్యలో టీకి బయటికి వదుల్తారులే," అన్నాడు నవ్విద్దామని.

పిల్ల నవ్వలేదు. వెనక నుంచి పిల్లలు, రావే, ఇంకో పందెం, అని పిలుస్తున్నారు. బొమ్మ కరిగి వీధిలోకి పారుతోంది. ఆ పిల్ల అటు తిరిగి, "ఆగండి, మా తాతయ్యకి చేతులు చల్లగా ఉన్నాయి," అంది అందరికీ వినబడేలా. ఆయన పక్కన కూర్చుని, ఆ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది.

ఎండ సరాసరి అరుగు మీదే పడుతోంది. ఆయన అరచేతులకి అప్పటికే చెమట పట్టింది. ఆ సంగతి ఆయన చెప్పలేదు.