హైటీ పిల్లలకిచ్చిన బొమ్మ

మార్కాపురం నుంచి యాత్రికులను తెచ్చిన బండాయన దోర్నాలలో నా బడి ముందర ఎద్దులను నిలిపి, "మీ బోర్డింగు వంట పెద్దమ్మ పోయినాదమ్మా. నిన్ననే మట్టి చేసినారు" అని చెప్పి పోయినాడు. పిల్లలకు ఏడో ఎక్కం చెప్తా ఉన్నాను. మధ్యలో ఆగిపోయింది.

మీలో మార్కాపురం మిషన్ బోర్డింగులో అన్నం తిన్నవాళ్ళుంటే ఆమె మీకు తెలుసు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. రాచర్ల పక్క పల్లె మనిషి. మొగుడు పోయినాడు. ఆరేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. ఆ తర్వాతనే మాకు వండను వచ్చింది. సంగటి ముద్ద పెడుతూ ఒక్కొక్క పిల్ల ముఖం చూసేది. "ముఖం చూడకుండా పెడితే అది అన్నం కాదు, మేత" అనేది.

బొగ్గుతో బొమ్మలు గీసేది. వంటింటి గోడ నిండా మేకలు, కోళ్ళు, మేము. సున్నం కొట్టిన ప్రతిసారీ అన్నీ పోయేవి, మళ్ళీ గీసేది. కాగితం మీద గీసింది మాత్రం ఒక్కటే, కూతురి బొమ్మ. ముఖం మరిచిపోతానేమోనని, బిడ్డ పోయిన నెలలోనే గీసుకుందట.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బోర్డింగు నడిపే దొరసానమ్మకు సముద్రాల అవతలి నుంచి ఒక పెద్ద కట్ట వచ్చింది. హైటీ అనే దీవిలో ఆమె స్నేహితురాలు బడి నడుపుతుందట. గాలివానకు ఇండ్లు పోయి అక్కడి పిల్లలు తిండికి అల్లాడుతున్నారని రాసి, ఆ దీవి చిత్రకారుల పటాలు నాలుగు పంపింది. వాటితోబాటు మేము గీసినవి కూడా బడి హాల్లో తగిలించి వేలం వేసి, ఆ డబ్బు అక్కడికి పంపుదామన్నది దొరసానమ్మ.

పెద్దమ్మ ఒక పటం ముందర చాలాసేపు నిలబడింది. నెత్తిన గంపలతో వరసగా నడిచే ఆడవాళ్ళు.

"ఏందే ఇది, కంభం సంతకు పోతా ఉండట్లే ఉండారే!" అని నవ్వింది. తర్వాత మెల్లగా అడిగింది, "పస్తులుండేది వీళ్ళ బిడ్డలేనా?"

మరునాడు కూతురి బొమ్మ తెచ్చి దొరసానమ్మ చేతిలో పెట్టింది.

"పెద్దమ్మా, అమ్మితే మళ్ళీ రాదు" అన్నాను.

"తెలుసులేమ్మా. నా బిడ్డకు నేనింక పెట్టేదేముంది? ఆ బిడ్డలన్నా తిననీ."

వేలంలో అన్నిటికంటే దానికే ఎక్కువ పాట పలికింది. కర్నూలు నుంచి వచ్చిన ఒక ఆఫీసరు భార్య పాడుకుంది. అందరం చప్పట్లు కొట్టినాము. గుడ్డలో చుడుతుంటే పెద్దమ్మ దగ్గరికి పోయి, "తడి తగలనీయొద్దమ్మా, చెరిగిపోతాది" అని చెప్పింది. ఆ అమ్మకు తెలుగు రాదు. తల ఊపి మోటారెక్కింది.

తర్వాత పెద్దమ్మ ఆ ముఖాన్ని మళ్ళీ గీయబోయింది. నేను చూసినాను. నుదురు వచ్చేది, కళ్ళు వచ్చేవి. నోటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగేది. "ఎవరో వేరే పిల్ల వస్తా ఉంది" అని తుడిచేసేది. కొన్నాళ్ళకు బొగ్గు ముట్టడమే మానేసింది. దీవి నుంచి జాబు వచ్చినప్పుడు మాత్రం ఒకటే అడిగింది: "కడుపునిండా తిన్నారంటనా?" తిన్నారని దొరసానమ్మ చదివి చెప్పింది. "సరే, అట్లయితే" అని పొయ్యి దగ్గరికి పోయింది.

ఇచ్చినందుకు ఆమె ఏనాడూ బాధపడినట్లు మాట్లాడలేదు. మేమే ఆమె ఏం పోగొట్టుకుందో ఒక్కసారీ అడగలేదు. దోర్నాలలో ఉద్యోగం వచ్చినాక నేను మార్కాపురం పోయింది రెండుసార్లే. "ఒకసారి వచ్చిపో" అని ఆమె కబురు పెడుతూనే ఉండేది.

ఆఖరుసారి పోయింది వేసవి సెలవుల్లో. పిల్లలందరూ ఊళ్ళకు పోయినారు, గదులకు తాళాలు. బోర్డింగు వెనకాల ఒక్కొక్క పిల్ల నాటుకున్న కనకాంబరం మొక్కలున్నాయి. పెద్దమ్మ ఒక్కతే బావిలో నీళ్ళు చేది, బిందె చంకనెత్తుకుని, మొక్క మొక్కకూ వంగి పోస్తా ఉంది. నేను వచ్చింది చూడలేదు. పిలవకుండా అట్లనే నిలబడినాను. బిందె ఖాళీ అయింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇంకా మిగిలిన వరసల వైపు చూసి, మళ్ళీ బావి దగ్గరికి నడిచింది.