సేటు నింపించిన సిలిండరు

తొంభైల చివర్లో పటాన్‌చెరులోని ఒక షెడ్డులో నేను లోహాన్ని సుత్తి లేకుండా పిండి చేసేవాణ్ణి. నోటితో ఊదితే చాలు, గడ్డ పొడైపోతుందని మా ఊరు చిట్కుల్‌లో చెప్పుకునేవాణ్ణి. ఊదేది నేను కాదు లెండి, హైడ్రోజన్. నా పని గడ్డలను స్టీలు సిలిండరులో నింపి మూత బోల్టులు బిగించడం, గ్యాస్ వాల్వు తిప్పడం.

అది బ్యాటరీల్లో వాడే మిశ్రలోహం. దానిలో పరమాణువులు వరసలు కట్టి కూర్చుంటాయి. షిఫ్టు వదిలిన వేళ సంగారెడ్డి బస్సులోకి జనం దూరినట్టు, హైడ్రోజన్ ఆ వరసల సందుల్లోకి దూరుతుంది. వరసలు పక్కకు జరుగుతాయి. గడ్డ ఉబ్బుతుంది, ఆ ఉబ్బును ఓర్చుకోలేక పగిలి పొడవుతుంది. అందుకే సిలిండరులో మూడో వంతు ఖాళీ ఉంచమని, దాన్ని బిగించిన ఇంజనీరు మరీ మరీ చెప్పి వెళ్లాడు.

మా సేటుది పప్పుల వ్యాపారం చేసిన ఇల్లు. డబ్బాను నేలకు కొట్టి, కుదిపి, ఇంకో దోసెడు పోస్తే గానీ ఆయన దృష్టిలో అది నిండినట్టు కాదు. పొడి కొనేవాళ్లు మర్నాడు చూడటానికి వస్తున్నారనగా సిలిండరులోకి తొంగిచూశాడు.

"గిదేందయ్య, గింత జాగ ఖాళీ? సగం డబ్బ సూపిస్తె ఆర్డరిస్తరా ఎవలన్న?"

"గ్యాస్ తాగితె ఉబ్బుతది సేట్."

"ఉబ్బనీకి ఇదేమన్న నానబెట్టిన పప్పా? జెర కుదుపు. సందులల్ల పాత పొడి గూడ పొయ్యి. రేపు సక్కగయితె నిన్ను పర్మనెంట్ జేస్త."

సింహంలా గర్జించి అడ్డుపడ్డానని తర్వాత చాలామందికి చెప్పాను. ఏ పూట రావద్దంటే ఆ పూట ఇంటికి పోవాల్సిన కాంట్రాక్టు మనిషిని, గర్జన ఎక్కణ్ణించి వస్తుంది? చెక్క సుత్తితో అంచుల మీద కొట్టి కొట్టి, నిండా కూరాను. గ్యాస్ వదిలాను.

ఆ రాత్రి షెడ్డులో లేచిన చప్పుడు పటేల్‌గూడ దాకా వినిపించిందని కూడా అంటుంటాను. చప్పుడే లేదు. తెల్లారి చూస్తే స్టీలు సిలిండరు నడుం దగ్గర ఉబ్బి, కడుపు నిండా తిన్న పెళ్లిపెద్దలా కూర్చుంది.

కొనేవాళ్లు వచ్చారు. గ్యాసంతా తీసేసి మూత విప్పాం. పొడి రవ్వలా జారాలి. బోర్లించాం, తట్టాం, ఉబ్బిన పొడి లోపలే బిగుసుకుపోయి ఒక్క పలుకు రాలలేదు. వాళ్లలో పెద్దాయన ఆ ఉబ్బు మీద చెయ్యి వేసి, "ఇక్కడ ఇన్‌చార్జి ఎవరు?" అన్నాడు.

"ఈయనే సార్. నింపుడంత ఈయన చేతిమీదనే," అన్నాడు సేటు. ఆ షెడ్డులో నాకు మర్యాద దక్కడం అదే మొదలు.

"ఖాళీ ఎందుకు వదల్లేదు?"

"మరిచిపోయిన సార్," అన్నాను.

సిలిండరు మార్చి, పద్ధతిగా నింపి మళ్లీ చూపించమని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు. నేను టిఫిన్ డబ్బా సర్దుకున్నాను.

"ఏడికయ్య?"

"ఇగ రేపట్నుంచి రావద్దంటవ్ గద సేట్."

"రాకుంటె ఎట్ల? ఇన్‌చార్జని చెప్పిన. మళ్లొచ్చి అడిగితె ఎవల్ని సూపియ్యాలె? ఇయ్యాల్టి సంది నువ్వు పర్మనెంట్. తప్పు జేసెటోడు కంపెనీల ఒక్కడన్న పక్కాగ ఉండాలె."