కరుణ వాళ్ళమ్మను మా అమ్మగా రాసుకున్నాను

తొమ్మిదేళ్ళుగా ఒక మాట లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. మామూలు బరువైతే ఎక్కడో ఒకచోట దించి కాసేపు కూర్చోవచ్చు. ఇది దిగదు. కోర్టుకి వెళ్ళేటప్పుడూ, ఆదివారం చర్చిలో పాట అందుకునేటప్పుడూ, గిన్నెలు తోమేటప్పుడూ ఉంటుంది. అలసిపోయాను. మంచిదాన్నయిపోయి రాస్తున్నానని మాత్రం అనుకోకండి. మోసీ మోసీ విసుగొచ్చి రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను న్యూజెర్సీలో లాయర్ని. వీసా కేసులు చూస్తాను. లా స్కూల్లో సీటు తెచ్చుకున్నది నాది కాని కథతో. ఆ కథ ఎవరిదో ఆమెకి సీటు రాకుండా పోయింది కూడా నా వల్లే. మొదటి తప్పు కన్నా రెండోది పెద్దది. రెండూ చెబుతాను.

అప్పట్లో ఇక్కడే న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్ళం. నేనొక మందుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. కరుణ మా పక్క బ్లాకులో ఉండేది. అసలు పేరు అది కాదు, అలా పిలుస్తాను. నాకన్నా ఆరేళ్ళు చిన్నది, పశ్చిమ గోదావరి పిల్ల. భర్త వీసా మీద వచ్చింది కాబట్టి ఉద్యోగం చెయ్యడానికి లేదు. మా తెలుగు చర్చిలో పరిచయం. అమెరికన్లు వాళ్ళ ఆరాధన ముగించుకుని వెళ్ళాక ఆ హాలు మధ్యాహ్నం మాకిచ్చేవారు. వాళ్ళ కాఫీ వాసన ఇంకా పోకముందే మా తబలా మొదలయ్యేది.

లా చదవాలన్న కోరిక నిజానికి ఆమెది. నాకు అంటుకుంది. శనివారాలు ఇద్దరం లైబ్రరీలో కూర్చుని ప్రవేశ పరీక్షకి చదివేవాళ్ళం. ఏడుగురు మనుషులు, ఏడు కుర్చీలు, లారా పక్కన మైక్ కూర్చోడు, మరి చివరి కుర్చీలో ఎవరు? అలాంటి లెక్కలు. మా వైపు పెళ్ళి బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదో తేల్చడం కన్నా ఇదేం కష్టమని కరుణ నవ్వేది. తను నవ్వుతూనే చేసేసేది. నేను పళ్ళు బిగబట్టి చేసేదాన్ని. చివరికి మార్కులు నాకే కొంచెం ఎక్కువ వచ్చాయి.

కానీ మార్కులొక్కటే చాలవు. నువ్వెవరో, లా ఎందుకు చదవాలనుకుంటున్నావో రెండు పేజీల్లో రాయమంటారు. ఆరుసార్లు రాశాను. లైబ్రరీలో ఇలాంటివి చూసిపెట్టే ఒక పెద్దావిడ ఉండేది. ప్రతిసారీ ఒకటే మాట: ఇంగ్లీషు బాగుంది, ఇందులో నువ్వెక్కడ? నేనెక్కడని చెప్పను? మా అమ్మ గుంటూరులో బ్యాంకు క్లర్కు, నాన్న లెక్చరరు. వేళకి భోజనం, వేళకి ఫీజు. నాకేమీ జరగలేదు. దేనికి కృతజ్ఞతగా ఉండాలో దానికే నాకు ఏడుపొచ్చింది.

మా చర్చి ఆడవాళ్ళం నెలకోసారి ఎవరింట్లోనైనా ప్రార్థనకి కూడేవాళ్ళం. ముందు ఒకరు సాక్ష్యం చెప్పేవారు. దేవుడు తమను ఎక్కడినుంచి ఎక్కడికి నడిపించాడో చెప్పుకోవడం. అక్కడ విన్నది ఆ గుమ్మం దాటకూడదు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, అయినా అందరికీ తెలుసు. భర్తలకి కూడా చెప్పని మాటలు ఆ కార్పెట్ మీద కూర్చుని చెప్పుకునేవాళ్ళం. ఆ నెల వంతు కరుణది.

వాళ్ళమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఒక పురిట్లో తల్లి చనిపోయింది. డ్యూటీలో ఉండాల్సిన డాక్టరు రాలేదు, వచ్చినట్టు తర్వాత రిజిస్టర్లో రాయించారు. కేసయింది. ఈవిడ సాక్షి. పద్నాలుగు వాయిదాలు. ఇంట్లో ఎవరూ లేక కరుణని వెంట తీసుకెళ్ళేది. కోర్టు వరండాలో గోడకి ఆ రోజు కేసుల జాబితా అంటించేవారట. అందులో అమ్మ కేసు ఎక్కడుందో వెతుకుతూ వెతుకుతూ ఆ పిల్లకి చదవడం వచ్చింది. పద్నాలుగోసారి అమ్మని బోనెక్కించారు. పది నిమిషాలు. డాక్టరు రాలేదని చెప్పి దిగింది. నెల తిరక్కుండా ఏజెన్సీ కొండల వైపు ఎక్కడికో బదిలీ చేశారు. ఆ రోజు బోను దిగి బయటికొచ్చాక కూతురితో ఆవిడ అన్నది ఇంతేనట: చెప్పాల్సింది చెప్పేశాం, పద, ఆకలేస్తోంది.

అందరం ఏడ్చాం. నేను కరుణ పక్కనే ఉన్నాను. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు దొంగది కాదు, అది మాత్రం నమ్మండి. కానీ ఏడుస్తూనే మనసులో ఒక మూల అనుకున్నాను, నాకు కావాల్సింది ఇదేనని. ఆ మూల సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

పది రోజులు ఆగాను. ఆగానని గొప్పగా చెప్పుకుంటున్నాను చూడండి. తర్వాత ఒక ఆదివారం సాయంత్రం కూర్చుంటే రెండు పేజీలూ చేతికందినట్టు వచ్చేశాయి. మా అమ్మ నర్సయింది. బోనెక్కింది. నేను వరండాలో గోడ దగ్గర నిలబడి చదవడం నేర్చుకున్నాను. వాక్యాలు నావే కదా అనుకున్నాను. కరుణ తన వ్యాసంలో వాళ్ళమ్మని పెట్టనని అంతకుముందే అంది, ఇక్కడికొచ్చి ఉద్యోగం లేకుండా కూర్చోవడం గురించి రాస్తానంది. అంటే ఆ కథ ఖాళీగా పడి ఉన్నట్టేగా? నిజంగా అలా నమ్మానా, నమ్మినట్టు నాకు నేను నచ్చజెప్పుకున్నానా? ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. లైబ్రరీ పెద్దావిడ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇప్పుడు కనిపించావంది.

డిసెంబరులో సీటొచ్చింది. కరుణ అదే స్కూలుకి జనవరిలో పంపింది. ఇంటి నుంచి రైల్లో వెళ్ళిరాగలిగింది అదొక్కటే. ఏం రాసిందో నేనడగలేదు. తనూ చెప్పలేదు.

ఫిబ్రవరిలో, ఆఫీసులో లంచ్ బాక్సు తెరుస్తుండగా స్కూలు నుంచి నాకొక మెయిల్ వచ్చింది. మీ వ్యాసాన్ని బాగా పోలిన ఇంకో వ్యాసం మాకందింది, మీరేమైనా చెప్పదలచుకుంటే చెప్పండి అని. పేరు లేదు. పేరు అక్కర్లేదు. చివరికి వాళ్ళమ్మనే రాసుకుందన్నమాట. తన అమ్మని తను రాసుకుంది! ఆ నిమిషంలో నిజం చెప్పి ఉంటే నా సీటొక్కటే పోయేది. ఉద్యోగం ఉంది, ఇల్లుంది, ఆకాశం ఊడిపడేది కాదు. ఇలా జవాబు రాశాను: ఆ కథ నాది. మా చర్చి ఆడవాళ్ళ కూడికలో ఒకసారి చెప్పుకున్నాను. అక్కడెవరో విని రాసి ఉండవచ్చు.

పంపించి అన్నం తిన్నాను. తిన్నానండీ, మొత్తం తిన్నాను.

నాలుగు రోజులకి కరుణ ఫోన్ చేసింది. ఆఫీసు పార్కింగ్‌లో కార్లో కూర్చుని మాట్లాడాను.

"అక్కా, బిజీగా ఉన్నావా?"

"లేదు, చెప్పు."

"స్కూల్ వాళ్ళు మెయిల్ పెట్టారక్కా. నా ఎస్సే ఎవరిదో కాపీ కొట్టానంటున్నారు. మా అమ్మ గురించి రాశాను, ఎవరిది కాపీ కొడతాను? ప్రేయర్‌లో చెప్పింది ఎవరో బయట చెప్పేసి ఉంటారు."

కారు అద్దాలు పైకెత్తేశాను.

"నువ్వు విన్నావు కదక్కా ఆ రోజు. ఒక్క లెటర్ రాసిస్తావా? ఇది కరుణ వాళ్ళమ్మ కథే, నేను విన్నాను అని. అంతే. ఇంకేం వద్దు."

"నేనా రోజు లేట్‌గా వచ్చాను కరుణా. మొత్తం వినలేదు."

"నా పక్కనే కూర్చున్నావు కదా. టిష్యూ కూడా నువ్వే ఇచ్చావు."

"ఏమో, నాకు గుర్తులేదు. వినంది విన్నానని రాస్తే తప్పవుతుంది. ప్రేయర్ నడిపే ఆంటీని అడిగి చూడు."

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"సరే అక్కా," అంది. "నీకు అక్కడే సీటొచ్చింది కదూ?"

"ఊఁ."

"దేవునికి స్తోత్రం," అని పెట్టేసింది.

ఆ చివరి మాట ఎలా అందో ఎన్నిసార్లు తలచుకున్నానో. వెటకారం లేదు. కోపం లేదు. తెలిసే అందా? తెలిసి నన్ను వదిలేసిందా, నిజంగానే నా కోసం సంతోషపడిందా? రెండింట్లో ఏది మేలో కూడా నాకు తెలియదు.

కూడిక నడిపే ఆంటీ కూడా రాసివ్వలేదు. ప్రార్థనలో మాటలు ఆఫీసులకెక్కించకూడదని ఆవిడ పట్టుదల. నిలబెట్టుకోవాలని ఆవిడ చూసిన ఆ నియమాన్ని నేను అప్పటికే పాడుచేశానని ఆవిడకి తెలియదు. ఇక కరుణ భర్త ఒప్పుకోలేదు. గ్రీన్ కార్డు పని నడుస్తోంది, మన పేరు పక్కన ఫ్రాడ్ అనే మాట పడితే కొంప మునుగుతుందన్నాడు. ఆయన భయం ఇక్కడ మనందరికీ తెలిసిన భయమే. కరుణ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ఇంకో స్కూలుకి పెట్టినా, ఇలాంటి ఆరోపణ ఎప్పుడైనా వచ్చిందా అని అక్కడా అడుగుతారు. మళ్ళీ పెట్టలేదు. రెండేళ్ళకి ఆయనకి దేశానికి అవతలి కొసన రెడ్‌మండ్‌లో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయారు.

నేను ఆగస్టులో స్కూల్లో చేరాను. మొదటి రోజు డీన్ కొత్తవాళ్ళందరినీ పెద్ద హాల్లో కూర్చోబెట్టి మాట్లాడాడు. మీలో ఒకరు అగ్నిమాపక దళంలో పనిచేశారు, ఒకరు పడవలో ఈ దేశానికొచ్చారు, ఒకరు కోర్టు వరండాలో చదవడం నేర్చుకున్నారు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టి, ఎవరా అని అటూ ఇటూ చూశారు. నేనూ చూశాను. ఎవరా అన్నట్టు నేనూ మెడ తిప్పి చూశాను.

మూడేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా చదివాను. క్లాసులో ప్రొఫెసర్ ఉన్నట్టుండి పేరు పిలిచి ప్రశ్న వేస్తే తడబడలేదు. మంచి గ్రేడ్లు వచ్చాయి. ఇంతగా కష్టపడితే సీటు నాదే అయిపోతుందనుకున్నాను కాబోలు. లైసెన్సు ఇచ్చేముందు నీ నడవడి గురించి ఒక పెద్ద ఫారం నింపిస్తారు. లా స్కూలుకి చెప్పినవన్నీ నిజమేనా అని అందులో ఉంటుంది. అవునని ప్రమాణం చేసి సంతకం పెట్టాను. గ్రాడ్యుయేషన్‌కి మా అమ్మ వచ్చింది. ఒక క్లాస్‌మేట్ మా అమ్మ చెయ్యి పట్టుకుని, మీ ధైర్యం గురించి విన్నామంది. అమ్మకి అర్థంకాక థాంక్యూ అంది. అమ్మనీ అలా అబద్ధంలో నిలబెట్టాను.

ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు అంటారా? పోయిన నెల చర్చిలో ఇక్కడే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి తన లా స్కూల్ వ్యాసం చేతిలో పెట్టింది. "ఆంటీ, చూస్తారా? చాలా బోరింగ్ ఉంది. నాకు లైఫ్‌లో ఏం అవ్వలేదు," అంది. చదివాను. నాన్న డ్రైవింగ్ నేర్పిస్తూ రోజూ ఎలా అరిచేవాడో, తను ఎలా ఎదురు వాదించేదో రాసింది. అంతే. బాగుంది, ఒక్క అక్షరం మార్చకు అన్నాను. ఆ పిల్ల నమ్మకంగా తలూపి వెళ్ళింది. నేను హాల్లో కుర్చీలు మడతపెడుతూ ఉండిపోయాను. మా అమ్మ బ్యాంకులో ఒక్కరోజు సెలవు పెట్టకుండా పనిచేసింది. అది రాస్తే సరిపోయేదా? సరిపోకపోతే సీటు రాకపోయేది. అంతకన్నా ఏమయ్యేది?

ఇక్కడ పేరు పెట్టలేదు. పెడితే లైసెన్సు పోతుంది. నా దగ్గరికొచ్చే జనం వీసాలు నా సంతకం మీద ఉన్నాయని ఒక సాకు చెప్పుకుంటాను, కానీ అది సాకేనని నాకు తెలుసు. కరుణకి ఉత్తరం మొదలుపెట్టి నాలుగుసార్లు ఆపాను. క్షమించమని అడిగితే క్షమించే పని కూడా ఆమె నెత్తిన పెట్టినట్టవుతుంది. అడక్కపోతే తప్పించుకున్నట్టవుతుంది. మీరూ నన్ను క్షమించనక్కర్లేదు, దానికోసం రాయలేదు.

ఒక ఆఫీసు నన్నడిగింది, అబద్ధం చెప్పాను. ఒక మనిషి నన్నడిగింది, గుర్తులేదన్నాను. నాకు అంతా గుర్తుంది. కరుణ ఎవరి దగ్గరా ఏదీ కాపీ కొట్టలేదు. వాళ్ళమ్మ గురించి తను చెబుతుంటే పక్కన కూర్చుని విన్నది నేను, ఎత్తుకెళ్ళింది నేను, అడిగితే తననే దొంగని చేసింది నేను. ఈ మాట ఇన్నేళ్ళలో నా నోట రావడం ఇదే మొదటిసారి.