నోరు తెరిచిన నాయన ఫోటో

ఆ రోజుల్లో మనిషి తాను తానేనని నిరూపించుకోవడం పెద్ద పని కాదు. మా ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఎవరైనా "ఎవరప్పా నువ్వు?" అని అడిగితే ఫలానావారి కొడుకునని చెప్పేవాణ్ణి, వాళ్లు నా ముక్కు చూసి నమ్మేవాళ్లు. తరవాత కాలం మారి, నేను డిగ్రీ పూర్తి చేసి, కర్నూలులో ఒక సేవా కేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చొని, "వేలిముద్ర పడలేదు, రేపు రండి" అని జనాన్ని వెనక్కి పంపే ఉద్యోగంలో చేరాను. ఏళ్ల తరబడి మగ్గం నేసినవాళ్ల వేళ్లకు గీతలు మిగలవని నాకు తెలుసు. అయినా రేపు రమ్మనే అనేవాణ్ణి, రాత్రికి రాత్రి గీతలు మొలుస్తాయన్నట్టు. అటువంటి నేను, నేను నేనేనని ఒక యంత్రానికి చెప్పుకోలేక నెల రోజులు తిరిగిన సంగతి ఇది. పాఠకులు నామీద జాలి కొంచెం తక్కువగా పడినా నాకు అభ్యంతరం లేదు.

నాయన పోయి పదకొండు నెలలైంది. సంవత్సరీకం నాటికి గోడకు పెట్టడానికి ఫోటో కావాలని అమ్మ అడిగింది. వెతికితే తెలిసిందేమంటే, నాయన ఫోటోలు తీయించుకునే విషయంలో చాలా పొదుపుగా బతికాడు. పెళ్లి ఆల్బం ఒకటి ఉంది కానీ, చెదలు నాయన వైపు నుంచే మొదలుపెట్టాయి. అమ్మ పక్కన ఒక పూలదండ, ఒక భుజం మాత్రం నిలబడి ఉన్నాయి. ఇక మిగిలింది ఆధార్ కార్డు. అందులోని బొమ్మను పెద్దది చేయించి, పటం కట్టించి తీసుకుపోతే అమ్మ దాన్ని దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.

"ఎవర్రా ఈయప్ప?"

"నాయనే కదమ్మా."

"మీ నాయన ఇట్ల యాడుండె? ఈయప్పను యాడనో పోలీసోళ్లు పట్టకొచ్చినట్లుండాది. ముక్కూ మొగం తెలీనాయప్పకు నేను దండ యెయ్యను, పో."

చేయని నేరాన్ని ఒప్పుకున్న మనిషిలా ఉన్న మాట నిజమే.

అప్పుడు గుర్తొచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరంలో కొత్త ఫోను చేతికొచ్చిన రోజు, మగ్గం గుంతలో కూర్చొని నేస్తున్న నాయనను ఒక ఫోటో తీశాను. తీసిన వెంటనే సోషల్ మీడియాలో నా ఖాతాలో పెట్టాను. పెట్టిన కాసేపటికే, నాకు తప్ప ఇంకెవరికీ కనపడకుండా దాచేశాను. (ఎందుకు దాచానన్నది తరవాత చెబుతాను. చెప్పకుండా తప్పించుకోగలిగితే ఇంకా బాగుండేది.) ఆ ఫోను కొన్నాళ్లకే పడుగుకు పెట్టే గంజి కుండలో పడింది. గంజి తాగిన నూలు గట్టిపడుతుంది, ఫోను కూడా ఆ ధర్మాన్నే పాటించింది. కొత్త ఫోనుతో పాటు కొత్త ఖాతా తెరుచుకొని పాతదాన్ని మరిచిపోయాను. ఇప్పుడు లోకం మొత్తం మీద మా నాయన ముఖం నికరంగా ఉన్న చోటు అదొక్కటే. "ఉండాదమ్మా, తెస్తా" అని అమ్మకు మాటిచ్చి కర్నూలు వచ్చేశాను. పాస్‌వర్డు ఏమిటో గుర్తు లేదన్న సంగతి బస్సులో గుర్తొచ్చింది.

పాస్‌వర్డు మరిచిపోయానని ఒప్పుకుంటే, ఫలానా ఈమెయిలుకు కోడు పంపాము చూసుకోమంది ఆ ఖాతా. ఆ ఈమెయిలు తెరిచే దారి కూడా నాకు తెలియదు. వేరే ఉపాయం లేదా అంటే, ముఖం అటూ ఇటూ తిప్పుతూ వీడియో తీసి పంపు, నువ్వు నువ్వేనో కాదో పోల్చి చెబుతామంది. సెలవు పెట్టి, గడ్డం గీసుకొని, కిటికీ వెలుతురులో నిలబడి వీడియో పంపాను. ఖాతాలోని ముఖానికీ నా ముఖానికీ ఏ పోలికా లేదని మరునాడు జవాబొచ్చింది. న్యాయంగా మాట్లాడుకుంటే యంత్రం తప్పేమీ లేదు. ఆ ఖాతాలో నా ఫోటో స్థానంలో నేను పెట్టుకున్నది ఒక సినిమా హీరో ముఖం. పద్దెనిమిదేళ్ల వయసులో మా ఇద్దరికీ పోలిక ఉందనే నేను నమ్మాను. అది లేదని ఇన్నేళ్ల తరవాత లిఖితపూర్వకంగా తెలిసింది.

ఇక మిగిలింది ఆ ఈమెయిలును తెరవడం. దాన్ని పుట్టించినవాడు మా ఊరి నెట్ సెంటర్ అన్న. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఈమెయిలు ఉండాలన్న సంవత్సరం, డిగ్రీ చదివే పిల్లలందరం ఆయన కొట్టు ముందు వరస కట్టాం. మాలో చాలామందికి సొంత ఫోను లేదు, ఈమెయిలంటే ఏమిటో అంతకన్నా తెలియదు. అన్న ఎవరినీ ఏమీ అడగలేదు. అందరికీ తన నంబరే ఇచ్చి, తనకు తోచిన జవాబులు నింపి, చీటీ మీద పాస్‌వర్డు రాసిచ్చి, "నెక్స్ట్" అన్నాడు. స్కాలర్‌షిప్పు రాగానే మేము చీటీలు పారేశాం. ఇంటింటికీ ఫోన్లు వచ్చాక ఆ కొట్టు మూతపడింది. విచారిస్తే, అన్న ఇప్పుడు కర్నూలు పక్కన కల్లూరులో కిటికీ గ్రిల్లులు చేస్తున్నాడని తెలిసింది. ఆదివారం షేరాటో ఎక్కి వెళ్లాను.

అన్న వెల్డింగు చేస్తున్నాడు. వదిన కొట్టు గడప దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏమప్పా, కిటికీలా, గేటా?" అన్నాడు అన్న.

"ఈమెయిలన్నా."

అన్న నల్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. "ఎమ్మిగనూరా?"

"అవునన్నా."

"అట్ల చెప్పు మరి. కోడు ఆన్నే వస్తాది చూడు" అని గోడ మేకు చూపించాడు. మేకుకు తాడుతో పాత బటన్ల ఫోను ఒకటి వేలాడుతోంది. "దినాము ఎవరో ఒగరికి కోడు వస్తానే ఉంటాది. బెంగుళూరు నుంచి ఒగడు, దుబాయి నుంచి ఒగడు, 'అన్నా, నంబరు చదువన్నా' అంటారు. సిమ్ము పారేస్తే మీరంతా యాడ పోతార్రా అని పెట్టుకోనుండా."

నేను మొక్కు తీర్చుకునే మనిషిలా ఆ ఫోను ముందు నిలబడ్డాను. కోడు వచ్చింది. నా ఫోనులో కొట్టాను. అంతటితో అయిపోయిందనుకుంటే తెర మీద ఇంకో ప్రశ్న తేలింది: మీ చిన్ననాటి ప్రాణస్నేహితుడి పేరేమిటి? నా చిన్ననాటి ప్రాణస్నేహితుడి పేరు రాశాను. తప్పంది. ఇంకో స్నేహితుణ్ణి ప్రయత్నించాను. అతనూ కాదు.

"నీ స్నేహితుడెవరని నేనేమన్నా అప్పుడు అడిగినానా?" అన్నాడు అన్న. "లైను సినిమా హాలు దంకా ఉండె. అందరికీ ఒగటే పేరు రాసినా."

"ఏం పేరు రాసినావన్నా?"

అన్న గ్రిల్లు వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు, చివరికి వదిన వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇట్లియ్యి ఫోను, నేనే కొడతా." అరచెయ్యి అడ్డం పెట్టుకొని తెర మీద వేలితో పొడిచాడు. వెల్డింగు మసి పట్టిన ఆ వేలిని తెర గుర్తించలేదు. లుంగీకి తుడుచుకొని మళ్లీ పొడిచాడు. లాభం లేకపోయింది.

వదిన చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇట్లియ్యప్పా నాకు. ఈయప్పకు ఇంగా సిగ్గు పోలేదు." ఎవరినీ అడగకుండా చకచకా ఒక పేరు కొట్టింది. ఈమెయిలు తెరుచుకుంది.

ఫోను నా చేతిలో పెడుతూ వదినే అంది. "ఆయమ్మ నాకేమన్నా కొత్తా? వారానికొగరు వస్తాంటారు ఆయమ్మ పేరు కోసరం. మా పెండ్లయి ఇన్నేండ్లాయ, నా పేరు ఒగ గేటు మీదన్నా రాసినాడా అడుగు."

అన్న నల్లద్దాలు కిందికి దించుకొని, అతుకు అవసరం లేని చోట కూడా అతకడం మొదలుపెట్టాడు. (ఆ పేరు ఏమిటో నేను ఇక్కడ రాయను. మా బ్యాచి మొత్తం ఈమెయిళ్లు ప్రమాదంలో పడతాయి.)

ఆ ఈమెయిలుకు మళ్లీ కోడు తెప్పించుకొని, కొత్త పాస్‌వర్డు పెట్టుకొని, పాత ఖాతాలోకి అడుగుపెట్టాను. హీరో ముఖం చిరునవ్వుతో ఆహ్వానించింది. కిందికి, ఇంకా కిందికి వెళితే నాయన. నడుము దాకా గుంతలో, చిరుగుల బనీనుతో, చేతిలో నూలు కండె పెట్టి అటూ ఇటూ విసిరే నాడెతో, నావైపే చూస్తూ నోరు బారెడు తెరిచి ఉన్నాడు. దానికింద నా తరగతి వాడొకడు "ఎవరప్పా ఆ గుంతలో?" అని అడిగిన ప్రశ్న అట్లాగే ఉంది. దానికి నేనిచ్చిన జవాబూ అట్లాగే ఉంది: "మా వీధిలో ఎవరో పెద్దాయన."

దాచింది అందుకు. ఆ జవాబు ఇచ్చాక ఫోటోను చూడలేకపోయాను. తీసేయడానికీ చెయ్యి రాలేదు.

వదిన నా భుజం మీదుగా చూస్తోంది. ప్రశ్నను బయటికే చదివింది. జవాబును లోపల చదువుకుంది.

"ఎవరప్పా?" అంది.

"మా నాయన వదినా."

"కూసో. టీ పెడతా, తాగి పోదువు" అని లోపలికి వెళ్లింది. ఆమె వచ్చేలోగా ఆ జవాబును చెరిపేశాను. ఒక్క నొక్కుతో పోయింది. అటువంటి వాటిని చెరపడం ఇంత సులువుగా ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు.

తరవాతి వారం అమ్మను కర్నూలు పిలిపించి స్టూడియోకు తీసుకుపోయాను. స్టూడియో అతను పనిమంతుడు. ఫోటోను కంప్యూటరులో పెద్దది చేసి చూపిస్తూ, "బనీను తీసేసి మంచి చొక్కా ఏస్తాలేమ్మా. ఎనకాల జలపాతం పెడతా. నోరు కూడా మూపిస్తా, ఐదు నిమిషాల పని" అన్నాడు.

"మగ్గం కాడ జలపాతమేందప్పా, నూలు తడుస్తాది" అంది అమ్మ. "చొక్కా వద్దు. నేసేటప్పుడు ఆయన యాపొద్దూ చొక్కా యేసినోడు కాదు."

"సరేమ్మా. నోరన్నా మూపిస్తా, తిడతాండేట్లుండాది."

"నోటి జోలికి పోవద్దు నాయనా" అంది అమ్మ. "ముప్పై ఏండ్లు కాపురం చేసి నేనే మూపించలేకపోతి, నువ్వు ఐదు నిమిషాల్లో మూపిస్తావా?" ఆ మాటకు తనే నవ్వింది, నవ్వు సగంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తెర మీది నాయన చెంపను వేలితో తాకి, "ఇదిరా మీ నాయన" అంది.

సంవత్సరీకం నాడు ఆ ఫోటోకే దండ పడింది. వచ్చిన చుట్టాలంతా అక్కడ కాసేపు నిలబడి, ఏమంటున్నాడని అడిగారు. "బువ్వ పెట్టమంటాండాడు" అని అమ్మ ఒకరికి చెప్పింది. "కూసోమంటాండాడు మిమ్మల్ని" అని ఇంకొకరికి చెప్పింది. అడిగినవాళ్లకు తగ్గట్టు ఆ నోట్లో మనిషికొక మాట పెడుతూ వచ్చింది. నేను ఎప్పుడూ సరిదిద్దలేదు. ఆ రోజు నిజంగా ఆ నోట వచ్చిన మాట విన్నవాణ్ణి నేనొక్కణ్ణే: "ఆ ఫోను పక్కన పెట్టి కండెలు చుట్టురా, నూలు అయిపోయింది!" అప్పుడు నేను చుట్టలేదు, ఫోటో తీసుకున్నాను. ఇప్పుడు ఇంటికి వెళ్లినప్పుడు ఆ గోడ కిందే కూర్చొని ఫోను చూసుకుంటూ ఉంటాను. ఎప్పుడో తల ఎత్తితే నాయన ఇంకా చెబుతూనే ఉంటాడు. ఇంత వయసొచ్చాక నాకు కొంచెం బుద్ధి కలిగినట్టుంది, వెంటనే ఫోను పక్కన పెట్టేస్తాను. పెట్టి, చేతులు ఖాళీగా కాసేపు కూర్చుంటాను. నాయన పోయాక మగ్గం తీసేసి గుంత పూడ్చినచోట అమ్మ నేల అలికి, ఇంటికి వచ్చినవాళ్లకు అక్కడే చాప వేస్తుంది.