కొబ్బరికాయ కొట్టిన ఓడ

నిన్న ఎచ్చెర్ల దగ్గర బస్సు ఆగితే రోడ్డు పక్కన కొత్త బోర్డు కనిపించింది. మా తీరానికి మళ్లీ ఒక పాత ప్రయాణికుల ఓడ వస్తోందట. అందులో హోటలూ, పెళ్లి హాలూ పెడతారట. "బలే ఉన్నాది కదమ్మా!" అని పక్క సీటావిడ మురిసిపోయింది. నేను మాత్రం బోర్డు మీంచి మొహం తిప్పేసుకున్నాను.

మొదటి ఓడ వచ్చినప్పుడు మా ఊళ్లో తిరునాళ్లే. దేశాలు తిరిగి ముసలిదైపోయిన దాన్ని సముద్రం పోటు మీద ఒడ్డుకు లాగి, ఇసుకలో కూర్చోబెట్టి, గొలుసులు బిగించి, రంగులేసి దీపాలు తగిలించి హోటలు చేశారు. సాలూరు నుంచి లారీల వాళ్లు సైతం పెళ్లాం పిల్లలతో వచ్చి ఫొటోలు దిగేవారు. మా చిన్న మావ భార్య, అంటే మా అత్త, దాని వంటగదిలో పనికి కుదిరింది. చేపల పులుసులో ఆవిడ చేతికి తిరుగులేదు. ప్రారంభం రోజున మేనేజరు, గంగమ్మ బిడ్డ చేతి మీదుగా జరగాలంటూ, ఆవిడ చేతే ఓడ ముక్కుకు పసుపు రాయించి కొబ్బరికాయ కొట్టించాడు. అత్త మహా గర్వంగా ఇంటికొచ్చింది.

ఆ మాట వినగానే మావ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మా వాళ్లు చేపల వేటకు బయల్దేరే పడవకే కాయ కొడతారు. పని అయిపోయిన పడవకైతే పసుపు కడిగేసి, బోర్లించేస్తారు. "ఒడ్డునున్నదానికి కాయ కొట్టీసినావేటే? ఎల్లమని సెప్పినట్టు కాదా?" అన్నాడు. "ఇనుముకి సెవులుంటాయేటి మావా?" అని అత్త నవ్వింది. మేమూ నవ్వాం. మావకు చాదస్తం ఎక్కువే. అత్త అక్కణ్ణుంచి తెచ్చిన కేకులు కూడా కాకులకు వేసేవాడు. కాకులకు మాత్రం ఏ పట్టింపూ ఉండేది కాదు.

వానాకాలం దాటేసరికి అత్త నవ్వు తగ్గింది. మూకుట్లో నూనె ఒక పక్కకే చేరుతోందనేది. అమావాస్య పోటుకు కింద ఎక్కడో ఇనుము మూలుగుతోందనేది. మేనేజరుకు చెబితే, "ముసలి ఓడ కదమ్మా, కీళ్ల నొప్పులు" అన్నాడట. పని మానెయ్యమని మావ కాళ్లావేళ్లా పడ్డాడు. దీపావళి వెళ్లాక మానేస్తానంది.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు కూడా కెరటాలు చూడ్డానికి జనం ఓడెక్కారు. మధ్యాహ్నం అది ఒక పక్కకు ఒరిగింది. మెట్లు కిందికి అందకుండా వేలాడాయి. పెద్దవాళ్లు దూకేశారు, పిల్లలు పైనే బెదిరిపోయి ఏడుస్తున్నారు. ఓడ నీడ కూడా తొక్కనని ఒట్టేసుకున్న మావ పరుగెత్తి, మెట్ల కింద నడుంలోతు నీళ్లలో నిలబడ్డాడు. "దిగిపోవే, నీకు దండం పెడతాను!" అని అరిచాడు. "ఈల్లని దించీసి వస్తాను, ముందు నువ్వు పట్టుకో" అంది అత్త. పిల్లల్ని ఒక్కొక్కరినే కిందికి వదిలింది. మావ పట్టుకున్నాడు. ఆఖరి పిల్లను ఎత్తుకొచ్చి ఒడ్డునున్న నా చేతికిచ్చి మావ వెనక్కి తిరిగేసరికి గొలుసు తెగింది. ఓడ పోటులోకి జారిపోయింది. తర్వాత దాన్ని ముక్కలు ముక్కలుగా బయటికి తీశారు. అత్త దొరకలేదు.

అత్త ఉన్నన్నాళ్లూ నన్ను ఒసే అని గదమాయించేది, నేను నోరెత్తేదాన్ని కాదు. ఈ ఏడాదితో నా వయసు ఆవిడ వయసును దాటేసింది. ఇప్పుడు ఆవిడ కళ్లముందుంటే, దిగవే అని గద్దించి చెయ్యి పట్టి లాగే పెద్దరికం నాది. కాలానికి వరసలు తెలియవు.