టవలు కప్పిన లైట్లు

పుంగనూరులో మా అన్నకు మైక్‌సెట్ ఉంది. మదనపల్లెలో ఒక చర్చికి ముప్పై ఏళ్లుగా ఆదివారం పాటలకు సౌండ్ అతనిదే. ఈమధ్య పాట మొదలైతే చాలు, ముందు వరసలోవాళ్లు చెవులు మూసుకుంటున్నారట. ఈ వారం కూడా ఇట్లాగే కీచుమంటే వేరే సెట్టు చూసుకుంటామని పాస్టరుగారు మర్యాదగానే చెప్పారు. కుప్పం కాలేజీలో నేను చెప్పే పాఠం ఈ ధ్వనిశాస్త్రమే కదా, ఒకసారి వచ్చి చూడమని అన్న ఫోన్ చేశాడు.

పొంగిపోయాను. రెండు రోజులు కూర్చుని కంప్యూటర్లో ఒక పరీక్ష శబ్దం తయారుచేశాను. ఇరవై హెర్ట్జ్ గుర్రుతో మొదలై నిమిషంలో ఇరవై వేల కీచుదాకా ఎక్కుతుంది. మొదట వేగం ఒకేలా పెట్టి తప్పుచేశాను; అడుగు స్వరాలన్నీ రెప్పపాటులో అయిపోయాయి. హెర్ట్జ్ లెక్క రెట్టింపయిన ప్రతిసారీ ఒకే సమయం పట్టేలా మళ్లీ రాశాను.

శనివారం ఖాళీ చర్చిలో ఆ శబ్దం వదిలి, మైకు పెట్టి కొలిచాను. బాక్సులు బాగున్నాయి, హాలూ బాగుంది. కీచు స్వరాలను పెంచే ట్రెబుల్ మాత్రం అన్న చివరికంటా తిప్పి పెట్టాడు. తగ్గించమంటే, పాట మొద్దుబారుతుంది, బాక్సులే పాతబడ్డాయి అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందే అని కోపమొచ్చింది. తర్వాత అనుమానమొచ్చింది.

శబ్దం వినపడినంతసేపూ చెయ్యెత్తి ఉంచమన్నాను. చివరిదాకా ఎత్తే ఉంచాడు. చూపు మాత్రం ఆంప్లిఫయర్ మీద శబ్దం ఉన్నంతసేపూ వెలిగే పచ్చలైట్లను వదల్లేదు. మైక్‌సెట్ వాళ్ల అలవాటది. పందిట్లో గోలకు చెవికంటే లైటునే నమ్ముతారు. లైట్ల మీద టవలు కప్పి మళ్లీ మొదలుపెట్టాను.

ముప్పావు నిమిషం కాగానే చెయ్యి దించేశాడు.

నా చెవుల్లో కీచు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. సొంత అన్నకు ఉచ్చు పన్నినట్టు సిగ్గేసింది.

"అయిపోయిండాది గదా?" అన్నాడు.

"అయిపోయిండాదన్నా" అన్నాను.

అన్న టవలు వైపు చూశాడు. తర్వాత నా ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు. తెర మీద శబ్దంతోపాటు నడిచే గీత కుడివైపుకు పాకుతూనే ఉంది.

"గీత ఇంగా పోతాండాది గదరా" అన్నాడు మెల్లగా.

అది చివరికి చేరేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. శబ్దం మాత్రం నా ఒక్కడికే.