పట్టని ర్యామ్

ధర్మవరంలో పట్టుచీరలకు కంప్యూటర్‌లో డిజైన్లు గీయడం నా పని. నిరుడు ఎండాకాలంలో పెద్ద డిజైన్ తెరిస్తే చాలు, కంప్యూటర్ ఆగిపోయేది. ర్యామ్ పెంచుదామని దాన్ని అనంతపురంలో ఒక షాపుకు తీసుకెళ్లి, చీరల డిజైన్లకని చెప్పాను.

షాపాయన తీసిన ర్యామ్ చూడగానే, "అన్నా, ఇది డీడీఆర్ ఫోర్ రకం. నా మదర్‌బోర్డుకు త్రీ రకమే. దీంట్లో పట్టదు" అన్నాను.

"ఏమ్మా, నాకే నేర్పిస్తాండావా? చీరలు నేసేవాళ్లకు ఇవన్నీ ఏం తెలుస్తాయి?" అంటూ ర్యామ్‌ను బోర్డు మీది స్లాటులో పెట్టి బొటనవేలితో బలంగా నొక్కాడు. టప్పున స్లాటు విరిగింది.

"బోర్డే పుచ్చిపోయిండాది. నేనేం చేయల్ల? ఎత్తుకోని పో!" అని పైగా అరిచాడు.

నేను కదల్లేదు. ర్యామ్‌నూ బోర్డునూ పక్కపక్కన పెట్టి, "మీరే చూడండప్పా, ర్యామ్‌లోని ఈ గాటు, స్లాటులో ఈ గట్టు మీదికి వస్తుందా?" అని షాపుకొచ్చిన వాళ్లను అడిగాను.

ఒక పెద్దాయన వంగి చూసి, "ఆ పాప ముందే చెప్పె గదప్పా! నువ్వే ఇనకుండా నొక్కినావు" అన్నాడు.

షాపాయన తిట్టుకుంటూనే నా ప్రాసెసర్‌కు సరిపోయే బోర్డు వెతికి, డబ్బులడక్కుండా బిగించాడు. "ఇంకెప్పుడూ ఈ మెట్లెక్కొద్దు" అన్నాడు. ఎక్కలేదు కూడా.

కానీ అతను నొక్కకముందే ఆ చెయ్యి పట్టుకుని ఆపలేకపోయానే అని ఇప్పటికీ నామీద నాకే కోపం.